పుస్తకం పుట్టిన ఏడాది కూడా వేయండి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పుస్తకాల పేజీలో ప్రాచీన నాగరికతలు, తొలి మానవుల చరిత్ర మీద వచ్చిన పుస్తకాల పరిచయం చదివాను. ఇలాంటి పుస్తకాలకు పేజీ మొత్తం ఇవ్వడం అరుదు, సంతోషం. కానీ ఎనిమిది పుస్తకాల్లో ఒక్కదానికి కూడా అది మొదట ఏ ఏడాది రాసిందో చెప్పలేదు. పేజీలెన్నో వేశారు, ధర వేశారు, ఎక్కడ దొరుకుతుందో వేశారు. అసలుది వదిలేశారు. ఇదేదో చాదస్తం అనుకోకండి, మా ఇంట్లో దీని మీద ఒక సాయంత్రమంతా గడిచింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రాజెక్టు కోసం రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. మన జాతి, అంటే హోమో సేపియన్స్, పుట్టి లక్ష ఏళ్లయిందని ఒకదాంట్లో ఉంది. మూడు లక్షల ఏళ్లని రెండోదాంట్లో ఉంది. రెండూ కొత్త అట్టలతో తళతళలాడుతున్నాయి. రెండింటి మీదా ముద్రణ 2023 అనే ఉంది. "ఏది రాయను నాన్నా?" అంటే నాకూ వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

లక్ష అని చెప్పిన పుస్తకం అనువాదం. మూలం ఎప్పటిదోనని మొదటి పేజీలు, చివరి పేజీలు, అట్ట వెనక అంతా వెతికాం. ఎక్కడా లేదు. చివరికి మధ్యలో ఒక పేజీలో రచయిత దొరికిపోయాడు. ఇథియోపియాలో లూసీ ఎముకలు (మనకంటే చాలా ముందటి ఒక ఆదిమానవ జాతి స్త్రీవి) దొరికి పదేళ్లయిందని మాటవరసకు అనేశాడు. లూసీ దొరికింది 1974లో. అంటే ఈ పుస్తకం రాసింది 1984 ప్రాంతంలో అన్నమాట. తవ్వకాల్లో ఒక పొరలో నాణెం దొరికితే దాన్నిబట్టి ఆ పొర ఎప్పటిదో లెక్క కడతారు చూడండి, మేమూ పుస్తకం వయసు అలాగే లెక్క కట్టాం. మా అమ్మాయికి ప్రాజెక్టు కన్నా ఇదే సరదాగా ఉంది. డబ్బు పెట్టి కొన్నవాణ్ణి కాబట్టి నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఇందులో రచయిత తప్పేమీ లేదు. మొరాకోలో జెబెల్ ఇర్హూద్ అనే చోట గని కార్మికులకు 1961లోనే ఒక పుర్రె దొరికింది. దాని వయసు 40 వేల ఏళ్లు ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. తర్వాత అదే చోట మళ్లీ తవ్వారు. ఇంకొన్ని ఎముకలు, వాటితోపాటు నిప్పులో కాలిన చెకుముకి రాళ్లు దొరికాయి. ఆ రాళ్లు ఎప్పుడు కాలాయో పరీక్షించి, అక్కడి మనుషులు సుమారు 3 లక్షల ఏళ్ల కిందటి వాళ్లని 2017లో ప్రకటించారు. 1984లో కూర్చుని ఈ సంగతి ఎవరు మాత్రం రాయగలరు? అప్పటికి తెలిసింది ఆయన నిజాయితీగానే రాశాడు. ఆ "అప్పటికి" అన్న మాటను చెరిపేసి అమ్మినవాళ్లతోనే నా పేచీ.

ఒకప్పుడు బతికి అంతరించిపోయిన మరో మానవ జాతి, నియాండర్తాల్ మనుషుల సంగతీ అంతే. వాళ్లకూ మనకూ ఏ చుట్టరికమూ కలవలేదని ఆ పుస్తకం ఖాయంగా చెబుతుంది. 2010లో నియాండర్తాల్ జన్యుక్రమం బయటికొచ్చాక ఆ మాట నిలబడలేదు. ఆఫ్రికా బయట మూలాలున్న వాళ్ల డీఎన్‌ఏలో ఒకటి రెండు శాతం వాళ్లదే. అదే ఏడాది, సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్క నుంచి డీఎన్‌ఏ తీస్తే, అప్పటిదాకా ఎవరికీ తెలియని మరో మానవ సమూహం బయటపడింది. పాత పుస్తకంలో ఈ డెనిసోవన్ల పేరే ఉండదు. తప్పు రాస్తే ఎవరైనా పట్టుకుంటారు. అసలు లేనిదాన్ని చదివేవాడు ఎలా పట్టుకుంటాడు?

పోనీ కొత్త పుస్తకాలైతే సరిపోతుందా అంటే అదీ లేదు. టర్కీలోని గోబెక్లి టెపెలో 1995 నుంచి తవ్వుతున్నారు. సుమారు 11,500 ఏళ్ల కిందట, వ్యవసాయం ఇంకా కుదురుకోక ముందే, అయిదు మీటర్లు దాటిన రాతి స్తంభాలు నిలబెట్టారక్కడ. అది ఉత్త ఆరాధనా స్థలమని, అక్కడ ఎవరూ కాపురం ఉండలేదని చాలాకాలం చెప్పుకున్నారు. ఈమధ్య తవ్వకాల్లో ఇళ్లలాంటి కట్టడాలు కూడా కనిపించేసరికి ఆ మాటా సందేహంలో పడింది. పదిహేనేళ్ల పుస్తకం కూడా ఈ రంగంలో ముసలిదే.

ఇక రెండో విషయం. మీరు పరిచయం చేసిన ఎనిమిదిలో రెండు, పిరమిడ్లను వేరే లోకం నుంచి దిగినవాళ్లు కట్టారనే రకం. సరదాగా చదువుకోవచ్చు, నేనూ కుర్రతనంలో నిద్ర మానుకుని చదివాను. అయితే వాటిని తవ్వకాల మీద రాసిన పుస్తకాల పక్కనే, అదే వరసలో, అదే మెచ్చుకోలుతో పెట్టడం బాగాలేదు. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట 2013లో పపైరస్ కాగితాలు దొరికాయి. మెరెర్ అనే ముఠా మేస్త్రీ రాసుకున్న దినచర్య వాటిలో ఉంది. ఖుఫు రాజు పెద్ద పిరమిడ్ కట్టిస్తున్న రోజులవి. తూరా గనుల్లో సున్నపురాయి పడవలకెక్కించడం, నైలు మీదుగా గీజాకు చేర్చడం, ఖాళీ పడవలతో తిరిగి రావడం, ఏ పగలు ఎక్కడ పని, ఏ రాత్రి ఎక్కడ పడక, అంతా రోజువారీగా రాసి పెట్టాడు. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి పని రిజిస్టరు అది. దాని ముందు ఆకాశం నుంచి దిగినవాళ్ల కథ చప్పగా ఉంటుంది, నిజంగా. పుస్తకం పరిచయం చేసేవాళ్లు కనీసం ఇది తవ్వి చూసినవాళ్లు చెప్పిందా, ఊహించి రాసిందా అని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా.

బొమ్మల గురించి వేరే ఉత్తరమే రాయాలి. ఆదిమానవుడి ముఖం, జుట్టు, చూపు అన్నీ రంగుల్లో వేస్తారు. అందులో ఎముకలు చెప్పిందెంతో, చిత్రకారుడు కల్పించిందెంతో బొమ్మ కింద ఉండదు.

పాత ఏడాది వేస్తే పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్తలు అంటారని తెలుసు. నాకలా అనిపించదు. మా 1984 పుస్తకంలో లూసీ అధ్యాయం ఎంత బాగుందంటే, అమ్మాయి పడుకున్నాక నేను మళ్లీ చదివాను. ఎప్పటిదో ముందే చెప్పి, చివర అనువాదకుడో, తెలిసినవారెవరైనా నాలుగు పేజీల్లో ఆ తర్వాత ఏం మారిందో రాసుంటే ఇంకో రెండు కాపీలు కొని పంచేవాణ్ణి. ఇప్పుడు దాని మొదటి పేజీలో మా అమ్మాయి చేతిరాతతో "1984?" అని పెన్సిల్ గుర్తు ఉంది, అంతే.

ప్రచురణకర్తలను మీరు శాసించలేరు. మీ పేజీ మాత్రం మీ చేతిలోనే ఉంది. పుస్తకం పేరు కింద ధర వేసే ఆ వరసలోనే మూల రచన వచ్చిన ఏడాది కూడా వేయించండి. పుస్తకంలో అది లేకపోతే, లేదనే వేయండి.

ఇట్లు,
మీ ఆదివారం పేజీ పాఠకుడు