మీ చెల్లెలి సరోగసీ సంగతి

శ్రీకాకుళం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లెలికి గర్భసంచి తీసేయవలసి వచ్చిందనీ, పలాసలోని మీ చిన్నాన్నగారి అమ్మాయి సరోగసీకి, అంటే మీ చెల్లెలి బిడ్డను తన గర్భంలో మోసి కనివ్వడానికి, ఒప్పుకున్నదనీ రాసి, చట్టం అడ్డొస్తుందా అని అడిగావు. అడ్డు రాదు, అయితే నువ్వు అనుకున్నంత సులువుగా దారీ ఇవ్వదు.

2022 జనవరి 25 నుంచి అమలులో ఉన్న సరోగసీ నియంత్రణ చట్టం ప్రకారం భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లు ఉండాలి. మీవాళ్లకు అక్కడ చిక్కు లేదు. మోసే స్త్రీ పెళ్లయి, సొంత బిడ్డ కలిగి, 25, 35 ఏళ్ల నడుమ ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయవచ్చు, తన అండం ఇవ్వకూడదు. జిల్లా వైద్య మండలి ధ్రువపత్రం, బిడ్డ ఎవరిదో తేల్చే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు, ఆమె పేరిట 36 నెలల బీమా, ఈ మూడూ చేతికి రానిదే విశాఖలో ఏ ఆసుపత్రీ ముందుకు కదలకూడదు.

అసలు భయపడవలసింది నీ ఉత్తరంలోని చివరి పేరాకు. ఆ అమ్మాయికి ఉద్దానంలోని జీడితోటలో కొంత రాసిద్దామని మీ అమ్మగారు అంటున్నారన్నావు. ఆ మాట ఇక ఎక్కడా అనవద్దని చెప్పు. వైద్యం ఖర్చులు, బీమా, నిబంధనలు ఒప్పుకున్న మరికొన్ని ఖర్చులు తప్ప నగదుగా గానీ వస్తువుగా గానీ ఏ ప్రతిఫలం ఇచ్చినా అది వ్యాపార సరోగసీ కిందికే వస్తుంది. మొదటి నేరానికే దంపతులకు అయిదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఆమె పట్ల మీ కృతజ్ఞత ఎంత నిజమైనదైనా, కోర్టు కళ్లకు ఆ తోట కూలి కిందే కనిపిస్తుంది.

2008లో జపాన్ దంపతుల కోసం మన దేశంలో సరోగసీ ద్వారా పుట్టిన బేబీ మాంజీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లేనాటికి ఇటువంటి చట్టమే లేదు. డబ్బుతో సాగిన ఆ వ్యాపారాన్ని ఇప్పుడు మూసేశారు, మంచిదే. కానీ డబ్బును తీసేస్తే మిగిలేది బంధుత్వం, అందులోనూ బీద బంధువు. పెద్దనాన్నగారి ఇంటి నుంచి పెద్దలంతా కట్టకట్టుకుని వచ్చి కూర్చుంటే, జీడిపిక్కలు ఒలిచే కూలితో ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఆ అమ్మాయి కాదని ఎలా అంటుంది? చట్టానికి ఈ అనుమానం లేకపోలేదు. కేసు వచ్చిందంటే, భర్తో దంపతులో బంధువులో ఆమెను బలవంతపెట్టారనే కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి. అయితే ఆ రక్షణ అక్కరకు వచ్చేసరికి జరగవలసింది జరిగిపోయి ఉంటుందనేదే నా బాధ. అంతకుముందు ఆమెకున్న ఆసరా ఒక్కటే: పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే క్షణం దాకా ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు ఎవరైనా చెప్పారా?

నువ్వు, మీ అమ్మగారు కాకుండా, మీ ఆవిడను ఒక్కతినే పలాస పంపించు. ఆ అమ్మాయి అత్తమామలు లేని వేళ చూసి అడగమను, వద్దంటే ఎవరూ ఏమీ అనరని మాట ఇచ్చి మరీ అడగమను. అప్పటికీ సరేనంటే, మీ చెల్లెలి ఆపరేషన్ కాగితాలు, ముగ్గురి వయసు ధ్రువపత్రాలు నాకు పంపు. మెజిస్ట్రేటు కోర్టులో వేయవలసిన దరఖాస్తు నేను తయారుచేస్తాను. దాని మీద ఆ అమ్మాయి కూడా సంతకం చేయాలి కనుక, సంతకానికి ముందు నేనూ ఆమెతో విడిగా మాట్లాడతాను.

ఇట్లు,
నీ మిత్రుడు