ఆకులో జింక్ ఎంతో చెబితే చాలదు, ఏ రూపంలో ఉందో చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడికి ప్రత్తిపాడు దగ్గర రెండెకరాల మిరప ఉంది. పోయిన సీజన్‌లో దుకాణంవాళ్లు ఇచ్చిన నానో జింక్, నానో కాపర్ (కంటికి కనపడనంత సూక్ష్మ కణాలుగా జింక్, రాగి ఉండే ద్రవ ఎరువులు) సీసాలు రెండుసార్లు కొట్టాడు. ఒకరోజు పచ్చడికి పండుమిరపకాయలు తొడాలు తీస్తూ మా మరదలు అడిగింది: "వదినా, ఆ మందు కాయలోకి కూడా పోతుందా? పిల్లలకు పెట్టొచ్చా?" ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, సమాధానం చెప్పలేకపోయాను.

ఆకులు, కాయలు విడివిడిగా కవర్లలో కట్టి ఒక ప్రైవేటు ల్యాబ్‌కు పంపాను. పది రోజులకు రిపోర్టు వచ్చింది. జింక్ ఇన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు), కాపర్ ఇన్ని పీపీఎం అని రెండు అంకెలు, అంతే. శాంపిల్ కడిగారా అని ఫోన్ చేసి అడిగితే, "ఎలా వచ్చినవి అలాగే ఆరబెట్టాం మేడం" అన్నారు. అంటే ఆ అంకెలో ఆకు పైన అంటుకున్న మందెంతో, లోపలికి పోయిందెంతో తేలదు. పైగా జింక్, కాపర్ ఏ మొక్కలోనైనా సహజంగానే ఉంటాయి. అదీకాక కొమ్మ ఎండు తెగులుకు మా తమ్ముడు కాపర్ ఆక్సీక్లోరైడ్ కూడా కొట్టాడు. ఆ తెగులు మందుదీ, నానో సీసాదీ, మట్టిదీ మొత్తం కాపర్ ఒకే అంకెలో కలిసిపోయింది.

తప్పు ఆ ల్యాబ్‌ది ఒక్కటే కాదు, ఆ పరీక్ష తీరే అంత. ఆకును ఆరబెట్టి, పొడి చేసి, గాఢ నైట్రిక్ ఆమ్లంలో వేడి చేస్తారు. గోధుమ రంగు పొగలు పోయి ద్రావణం తేరుకునేసరికి లోహమంతా కరిగి అయాన్లుగా (విద్యుదావేశమున్న విడి పరమాణువులుగా) మారిపోతుంది. కణంగా ఉన్నదీ, ముందే కరిగి ఉన్నదీ ఒకటైపోతాయి. పప్పు ఉడికించి మెత్తగా ఎనిపేశాక, వేసింది గుండు పప్పా, బద్దలా అని అడిగినట్టే.

కణాలను కణాలుగా లెక్కపెట్టే దారి ఉంది. ఆమ్లానికి బదులు మొక్క జీవకణాల గోడలను మెల్లగా కరిగించే ఎంజైమ్ వాడతారు. లోపలి లోహ కణాలు చెదరకుండా బయటికొస్తాయి. ఆ ద్రావణాన్ని బాగా పలచన చేసి సింగిల్ పార్టికల్ ఐసీపీ-ఎంఎస్ అనే, లోహ కణాలను ఒక్కొక్కటిగా గుర్తించే పద్ధతిలో చూస్తారు. ఒక్కో కణం ఆ యంత్రంలోని ప్లాస్మాలో (విపరీతమైన వేడి వాయువులో) పడగానే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని ఒక చిన్న మెరుపులాంటి సిగ్నల్ వస్తుంది. ఎన్ని మెరుపులో అన్ని కణాలు. మెరుపు ఎంత ఎత్తుంటే కణం అంత పెద్దది. కరిగి ఉన్న లోహం మాత్రం గ్రాఫ్ అడుగున సమంగా గీతలా కనిపిస్తుంది. బంగారం, టైటానియం డయాక్సైడ్ కణాలకు ఇది బాగా పనిచేస్తుంది. మన సీసాల్లోని జింకే కష్టం. జింక్ ఆక్సైడ్ మొక్క రసంలో త్వరగా కరుగుతుంది, మొక్కలో ముందే ఉన్న జింక్ గీతను పైకి లేపి చిన్న కణాలను కప్పేస్తుంది. అందుకే శాంపిల్ ఎప్పుడు కోశారు, ఎన్ని గంటలు నిల్వ ఉంచారు అన్నది కూడా రిపోర్టులో రాయాలి.

నానో వ్యవసాయ ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో 2020లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో నానో జింక్, నానో కాపర్ ద్రవ ఎరువులకు అనుమతి కూడా వచ్చింది. సీసా ఊళ్లోకి వచ్చింది కానీ దాన్ని కొలిచే యంత్రం రైతుకు అందుబాటులోకి రాలేదు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మిరపకాయను తొక్కతో సహా తినే దేశంలో, మిర్చి యార్డు ఉన్న ఊళ్లో, ఈ పరీక్ష ముందు ఇక్కడే మొదలవ్వాలి. ఇది రైతును భయపెట్టడానికి చెప్పడం లేదు. జింక్ లోపం ఉన్న నేలకు జింక్ కావాల్సిందే. కణం కాయలోకి పోవడం లేదని తేలితే మా మరదలికి ధైర్యంగా చెబుతాను. పోతుందని తేలితే, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో రైతుకు తెలియాలి.

యంత్రం వచ్చేలోపు ల్యాబ్‌లు ఒక్క పని చేయొచ్చు: ప్రతి శాంపిల్‌ను సగం కడిగి, సగం కడగకుండా పరీక్షించి రెండు అంకెలూ ఇవ్వాలి. కడగడమంటే కుళాయి కింద తిప్పడం కాదు. ముందు మామూలు నీళ్లు, తర్వాత బాగా పలచని ఆమ్లం, చివర డిస్టిల్డ్ వాటర్.

ఈసారి మా తమ్ముడు నాలుగు సాళ్లు ఏ నానో మందూ కొట్టకుండా వదులుతానన్నాడు. ఆ సాళ్ల ఆకులు, కొట్టిన సాళ్ల ఆకులు నేనే కడిగి, ఐస్ డబ్బాలో పెట్టి తెస్తాను. కణాలను లెక్కపెట్టి ఇచ్చే ల్యాబ్ గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఉంటే, దయచేసి మీ పత్రిక ద్వారా తెలియజేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు