బుడమేరు వరద మ్యాపు నిధి: జమా ఖర్చుల వివరణ

వీధి గ్రూపులో “సర్వేకి రెండుసార్లు డబ్బెందుకు కట్టారు” అని అడిగారు. అడగాల్సిందే. విజయవాడ సింగ్‌నగర్‌లో మన వీధుల లెక్క ఇదీ.

జమ: 214 ఇళ్ళు, 300 చొప్పున 64,200. షాపులు 12, వెయ్యి చొప్పున 12,000. మొత్తం 76,200 రూపాయలు. మీటింగులో చెయ్యెత్తి ఇంకా ఇవ్వని ఇళ్ళు 31, రావలసింది 9,300. పేర్లు బోర్డు మీద పెట్టం. అడిగినవారిలో ఆ ఇళ్ళవారూ ఉన్నారు, అంతే.

ఖర్చు:
మూడు మీటింగులు – 5,850. మొదటిది మధ్యాహ్నం పెట్టాం, కుర్చీల అద్దె దండగైంది. రాత్రికి మార్చాక కింది పోర్షన్లలో అద్దెకుండేవారు వచ్చి అసలు సంగతి చెప్పారు: 2024 సెప్టెంబరులో నీళ్ళు ముందు రోడ్డు మీంచి రాలేదు, సైడు కాలువలోంచి వెనక్కి తన్నాయి.
గోడల మీద వరద మట్టం గీతలు, 40 చోట్ల – 4,600. కూలి తీసుకోని పెయింటరుకు కృతజ్ఞతలు.
మ్యాపులు, ఫ్లెక్సీలు – 6,400
కాలువలో నీటి మట్టం చూపే స్కేళ్ళు రెండు – 5,200
అర్జీ, జిరాక్సులు – 2,350
లెవెల్ సర్వే (నేల ఎత్తుపల్లాల కొలత), రెండుసార్లు – 14,000 + 16,500

ఇక సర్వే. మన నేలకు వాలు అంతంతమాత్రం. ఫోను జీపీఎస్ ఎత్తు మీటర్ల లెక్కన తప్పుతుంది, ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే దుర్భిణి పరికరం) పెట్టాల్సిందే. కల్వర్టు దగ్గర మొదలుపెట్టి 1.2 కిలోమీటర్లు చుట్టి మళ్ళీ అక్కడికే వస్తే మొదటి ఎత్తుకీ చివరి ఎత్తుకీ తేడా ఒకటిన్నర సెంటీమీటరు లోపు ఉండాలి. మొదటిసారి 9 సెంటీమీటర్లు వచ్చింది. పరికరం మార్చిన ప్రతిచోటా స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) కింద ఇనుప ప్లేటు వెయ్యకుండా మెత్తటి ఒండ్రు మీదే నిలబెట్టారు, అది దిగబడింది. పరికరం నుంచి ముందు పెట్టిన కర్రకీ వెనక పెట్టిన కర్రకీ దూరాలు కూడా సమానంగా లేవు. మాట్లాడుకున్న 18,000లో 4,000 ఆపాం. మొత్తం ఆపలేదేమంటే కాలువ వెడల్పుల కొలతలు పనికొచ్చాయి, అవీ అర్జీలో పెట్టాం.

రెండోసారి వేరే సర్వేయరు. ప్లేటు వేశారు, అటూ ఇటూ 30 మీటర్లే, మన కుర్రాళ్ళిద్దరు పక్కనే రీడింగులు రాశారు. తేడా 8 మిల్లీమీటర్లు. కల్వర్టు అడుగుభాగం ఎగువ కాలువ అడుగుభాగం కన్నా 7 సెంటీమీటర్లు ఎత్తుగా ఉందని అప్పుడు తేలింది. 9 తప్పున్న లెక్కలో ఈ 7 కనపడేదా? అర్జీ ముఖ్యంగా ఆ అంకె మీదే ఉంది. రెండు స్కేళ్ళ సున్నాలూ ఈ రెండో సర్వేనిబట్టే బిగించాం, లేకపోతే పై స్కేలుకీ కింది స్కేలుకీ పోలికే ఉండదు.

మొత్తం ఖర్చు 54,900. మిగులు 21,300: బ్యాంకులో 20,000, చేతిలో 1,300. వానలకు ముందు పూడిక తీయించాక స్కేళ్ళు మళ్ళీ సరిచూడటానికి ఉంచాం.

వోచర్లు ఆదివారం ఉదయం చూడొచ్చు. ఫొటో తీసుకోండి, కాగితాలు మాత్రం పట్టుకెళ్ళొద్దు.