సగం బ్లేడు చాలు, నేర్పేవాళ్లే లేరు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్లో యువత పేజీని మా అబ్బాయి కంటే ముందు నేనే చదువుతాను. ఇంటర్వ్యూకి ఏ చొక్కా వేసుకోవాలి, జుట్టు ఊడకుండా ఏం తినాలి, మొటిమలు వస్తే ఏం చేయాలి, అన్నీ రాస్తున్నారు, సంతోషం. గడ్డం ఎలా గీసుకోవాలో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కనపడలేదు. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. నాకిప్పుడు 47 ఏళ్లు, 18వ ఏట నుంచి గీసుకుంటున్నాను, మెడ మీద మంట లేకుండా గీసుకోవడం ఈ మూడు నెలల్లోనే వచ్చింది. మొన్న మా అబ్బాయి మొదటిసారి షేవింగ్ చేసుకుని బాత్‌రూమ్‌లోంచి బయటికొస్తే గొంతు కింద రెండు చోట్ల రక్తం, దాని మీద అంటించిన పేపర్ ముక్కలు. మా నాన్న నాకు నేర్పలేదు, నేను వాడికి నేర్పలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ మధ్య దాకా నేను రోజూ నున్నగా గీసుకునే వెళ్లేవాణ్ణి. మొదట రెండు బ్లేడ్ల రేజర్, తర్వాత మూడు, ఆ తర్వాత ఐదు, టీవీలో ఏది చూపిస్తే అది కొన్నాను. గొంతు ముడి కింద, దవడ మూలల్లో ఎర్రటి పొక్కులు లేచేవి, కాలర్ తగిలితే చాలు భగ్గుమనేది. పొక్కు చితికితే లోపల చుట్ట చుట్టుకున్న వెంట్రుక కనిపించేది. నా చర్మమే అంత అనుకుని సరిపెట్టుకున్నాను. చివరికి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదటి ప్రశ్నే, "ఎన్ని బ్లేడ్ల రేజర్ వాడుతున్నారు?" అని. వరసగా బ్లేడ్లు ఉన్నప్పుడు ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుందట, వెనక వచ్చేది దాన్ని కోస్తుందట, మిగిలిన మొదలు చర్మం లోపలికి జారిపోతుందట. ఉంగరాల వెంట్రుక అయితే అది బయటికి రాలేక లోపలే వంగి పెరుగుతుంది, పొక్కు అవుతుంది. బ్లేడ్లు తగ్గించండి, వెంట్రుక వాలుకు ఎదురుగా గీయకండి, చర్మాన్ని బలంగా సాగదీయకండి అని చెప్పి పంపించారు.

ఆ వారంలోనే న్యూజెర్సీలో ఉండే మా బావమరిది సెలవులకు వచ్చాడు, వాడు రోజూ వాడే రేజర్ లాంటిదే ఒకటి నా కోసం తెచ్చాడు. అల్యూమినియంది. ఒక్క వైపే అంచు. తల మీది పలక విప్పి, మన కిరాణా కొట్లో దొరికే మామూలు బ్లేడును నిలువునా రెండుగా విరిచి, అందులో సగం పెట్టి మళ్లీ మర బిగించాలి, అంతే. చేతిలోకి తీసుకుంటే పెన్ను పట్టుకున్నట్టుంది. నమ్మకం కుదరక మా వీధి బంగారం షాపులో తూకం వేయించాను, 37 గ్రాములు. నాలుగు తులాలు కూడా లేదు. నాన్న వాడిన పాత ఇత్తడి రేజర్‌ను కూడా పక్కన పెడితే అది 84 గ్రాములు తూగింది.

మొదటి రోజు గాటు పడింది. ఐదు బ్లేడ్ల రేజర్‌తో ఏళ్ల తరబడి అదిమి గీసిన చెయ్యి కదా, ఇది తేలిగ్గా ఉందని ఇంకా గట్టిగా అదిమాను. గడ్డం కింద సన్నటి గీత, పటిక ముక్క రుద్దితే కళ్లల్లో నీళ్లొచ్చాయి. "బావా, నువ్వు నొక్కకు, ఊరికే ఆనించి వదిలెయ్" అన్నాడు వాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు వారం పట్టింది. బరువున్న రేజర్ దాని బరువుతోనే కిందికి దిగుతుంది, చెయ్యి ఏం చేస్తోందో మనకు తెలియదు. ఈ తేలిక దాంట్లో వేళ్లు ఏమాత్రం నొక్కినా వెంటనే తెలిసిపోతుంది. ఇంకో గుర్తు చప్పుడు. వాటం సరిగ్గా ఉంటే, అంటే చర్మానికీ బ్లేడుకీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉంటే, గరగరమని సన్నగా వినిపిస్తుంది, ఎండిన తాటాకు మీద గోరు గీసినట్టు. చెయ్యి పైకో కిందికో వాలిందంటే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఇప్పుడు నేను ఫ్యాన్ ఆపేసి, బకెట్లో కుళాయి కట్టేసి మరీ గీసుకుంటున్నాను, చెవితో వినడానికి.

అసలు సంగతి రేజర్ కంటే ముందు మొదలవుతుంది, అది నానబెట్టడం. వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. మనలో చాలామంది నిద్ర లేచి, ముఖం మీద నాలుగు చుక్కలు చల్లుకుని, క్యాన్‌లోంచి నురగ పూసుకుని ఆఫీస్ టెన్షన్‌లో బరబరా గీసేస్తాం. నేను ఇప్పుడు స్నానం అయ్యాకే గీసుకుంటాను. సబ్బు మీద తడి బ్రష్ తిప్పి, ఆ నురగను గడ్డం మీద గుండ్రంగా రుద్దుతూ ఒక నిమిషం ఆగుతాను. చెంప మీద పైనుంచి కిందికి, మెడ మీద వెంట్రుక ఎటు వాలితే అటు. మెడ మీద కుడివైపు నాకు అడ్డంగా పెరుగుతుంది, ఆ సంగతి కూడా నాకు ఇన్నేళ్లూ తెలియదు, వేలితో తడిమి చూసుకుంటే తెలిసింది. ఎవరి మెడ మీద వాళ్లు ఒకసారి తడిమి చూసుకోండి.

సగం బ్లేడు నాకు మూడు షేవింగులకు వస్తుంది. ఇప్పుడు రోజు విడిచి రోజు గీసుకుంటున్నాను కాబట్టి ఐదు బ్లేడ్ల ప్యాకెట్ కొంటే పది సగాలు, రెండు నెలలు గడిచిపోతాయి. నాలుగోసారి లాగుతుంది, అప్పుడు మొహమాటం లేకుండా మార్చేయాలి. వెంట్రుక ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తనిదట, అయినా అదే బ్లేడు అంచును చిట్లగొడుతుందని అమెరికాలో ఎమ్‌ఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో తేల్చారు. వెంట్రుక వంగి తగిలినప్పుడు ఉక్కు లోపలి అల్లిక ఎక్కడ సమానంగా లేదో అక్కడ పెచ్చు లేస్తుందట. కంటికి కొత్తగా కనిపించే బ్లేడు చెంప మీద ఎందుకు మొండికేస్తుందో అప్పుడు అర్థమైంది.

ఒక్క అంచు కొత్త ఫ్యాషన్ కాదండీ. అమెరికాలో కాంఫ్ సోదరులు 1880లోనే ఒక్క అంచు సేఫ్టీ రేజర్‌కు పేటెంట్ తీసుకున్నారు, దాని బ్లేడు మందంగా ఉండేది, ఎప్పటికప్పుడు సాన పట్టుకోవాలి. వాడి పారేసే పల్చటి రెండంచుల బ్లేడుకు 1904లో జిల్లెట్ పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత లెక్క పెరిగింది, 1971లో రెండు బ్లేడ్లు, 1998లో మూడు, 2003లో నాలుగు, 2006లో ఐదు. అంత దూరం ఎందుకు, మన కటింగ్ షాపుకి వెళ్లండి. నా చిన్నప్పుడు రాతి మీద నూరి తోలు పట్టీ మీద సాన పట్టే కత్తి ఉండేది, అందరికీ అదే. ఎయిడ్స్ భయం వచ్చాక కత్తి పిడి ఉండిపోయింది, అందులో మనిషికో కొత్త సగం బ్లేడు వచ్చింది. బ్లేడును కాగితం విప్పకుండానే మధ్యకు టప్పున విరిచి, ఒక సగం పిడిలో దూర్చి, రెండో సగం కాగితంలోనే ఉంచేస్తారు. తిరుమల కళ్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు కూడా ఇస్తారు. అక్కడ ప్రతి తలా గుండయ్యేది ఇలా ఒకే అంచున్న కత్తితోనే. మన నాయీ బ్రాహ్మణ సోదరుల చేతిలో ఇన్నేళ్లుగా ఉన్న పనితనాన్ని నేను న్యూజెర్సీ నుంచి వచ్చిన రేజర్‌తో నేర్చుకున్నాను. నేను వెళ్లే షాపులో ఆయనకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "మన సగం బ్లేడే కదా సార్, చెయ్యి తెగకుండా కంచె కట్టారు" అన్నాడు.

ఈ రేజర్‌కు లోపాలు లేకపోలేదు. ఒక్క వైపే అంచు కాబట్టి రెండు గీతలకోసారి కడగాలి. నాలుగు రోజుల గడ్డం అయితే ఇరుక్కుంటుంది, ముందు ట్రిమ్మర్ పెట్టక తప్పదు. ధర డాలర్లలో చూస్తే గుండె ఝల్లుమంటుంది, అందుకే అందరూ ఇదే కొనాలని చెప్పను. తేలిక చెయ్యి అలవాటైతే ఇంట్లో ఉన్న పాత రెండంచుల రేజర్‌తో కూడా మెడ చల్లగానే ఉంటుంది, నేను నాన్న రేజర్‌తో గీసి చూశాకే రాస్తున్నాను. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా బ్లేడు జోలికి వెళ్లొద్దు. మా మావయ్యగారు ఆ మందుల మీదే ఉన్నారు, ఆయనకు కరెంటు షేవర్ కొనిచ్చాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, వాడిన సగం బ్లేడు ఎక్కడ వేస్తున్నాం? మా వీధిలో చెత్త ఆటోతో వచ్చే అమ్మ పొడి చెత్తను చేత్తోనే వేరు చేస్తుంది, గ్లవ్స్ ఉన్న రోజు తక్కువ. ఒకసారి ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంటే ఏమైందని అడిగాను, "ఎవరో బ్లేడు వేశారయ్యా" అంది. ఆ రోజు నుంచి పాత పౌడర్ డబ్బా మూతకు సన్నటి చీలిక కోసి, బ్లేడ్లన్నీ అందులోనే వేస్తున్నాను. నిండాక టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో బ్లేడ్లు అని రాసి ఆమె చేతికే చెప్పి ఇస్తాను.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఒక్క ఆదివారం యువత పేజీలో సగం పేజీ దీనికి ఇవ్వండి. ఎన్నో ఏళ్లుగా గడ్డాలు గీస్తున్న ఒక పెద్దాయనను కూర్చోబెట్టి, నురగ ఎలా పట్టించాలి, మెడ మీద చెయ్యి ఎటు పోవాలి, గాటు పడితే ఏం చేయాలి అని అడిగి, ఫొటోలతో వేయండి. ఆ పేజీ కత్తిరించి మా బాత్‌రూమ్ అద్దం పక్కన అంటిస్తాను, మా అబ్బాయి ఎత్తుకు సరిపోయేలా.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ