హక్కు ఎక్కడి మాట?

సంపాదకుడు గారికి,

రంజాన్ వస్తే మా బళ్లల్లో తెలుగు మాస్టార్లు తప్పకుండా ఇచ్చే వ్యాసం 'రంజాన్ పండుగ'. పిల్లలూ తప్పకుండా రాసేవి నెలవంక, ఉపవాసం, కొత్త బట్టలు, సేమియా పాయసం. కర్నూలు జిల్లాలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి నేనూ అదే రాయించాను. మధ్యాహ్న భోజనం దగ్గర పక్కకు నిలబడ్డ, రోజా (ఉపవాసం) ఉన్న పిల్లవాణ్ణి "ఏరా, ఒంట్లో బాలేదా?" అని అడిగినవాణ్ణి కూడా నేనే.

ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి గీత గీయడానికి స్కేలు వెతుక్కుంటోంది. స్నేహితురాలు దాచమని ఇచ్చి వెళ్లిన జామెట్రీ బాక్సు ఒళ్లోనే ఉంది. "దాంట్లోంచి తీసుకోవచ్చుగా" అన్నాను. "వద్దు సార్, అది అమానత్" అంది. నమ్మి దాచమని ఇచ్చిన వస్తువన్నమాట. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి, అమీనా గుర్తొచ్చాడు. అప్పులున్నవాళ్లు పేరు వింటేనే హడలిపోయే ఆ అమీనా, అరబ్బీ అర్థంలో నమ్మదగినవాడు! అమానత్‌దీ అదే ధాతువు. ప్రవక్త కాకముందే ముహమ్మద్‌ను మక్కావాళ్లు 'అల్ అమీన్' అని పిలిచేవారు. ఆ పూట సంధులు పక్కనపెట్టి ఈ ముచ్చటే చెప్పాను. మనం రోజూ వాడే హక్కు కూడా అక్కడిదే. అరబ్బీలో దానికి సత్యం అనీ అర్థం, ఒకరికి చెందాల్సింది అనీ అర్థం. పొరుగువాడికి చెందాల్సింది ఏమిటో చెప్పడానికి, అతడు పస్తుంటే తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న హదీసు (ప్రవక్త మాట) చెప్పాను. ఇందాక నవ్వినవాడే లేచి "పొరుగువాడు మనోడు కాకపోతే సార్?" అన్నాడు. "పొరుగంటే పొరుగే" అని ఆ అమ్మాయే జవాబిచ్చింది. (జవాబు కూడా అరబ్బీ మాటే లెండి.)

స్టాఫ్‌రూంలో చెబితే "మతం మనకెందుకు సార్, ఎవరైనా కంప్లయింట్ పెడితే?" అన్నారొకరు. ఆ టెన్షన్ ఉత్తది కాదు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. కానీ మతబోధ వేరు, మతాల గురించి చదువుకోవడం వేరని అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. నేను కూర్చున్న ఏ శిక్షణలోనూ ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

ఉర్దూ మాస్టారి అభ్యంతరం వేరు. "అన్నీ తీపి మాటలే ఏరితే ఎలా సార్? వడ్డీ హరామ్, అంటే నిషిద్ధం అని చెప్పండి, మాలోనూ వడ్డీకి తిప్పేవాళ్లున్నారనీ చెప్పండి. అప్పుడే పిల్లలు నమ్ముతారు" అన్నారాయన. నాకు ఆయన మాటే నచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. అయినా చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తెలుగు, ఉర్దూ టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేయడం నేను చూడలేదు. ఏడాదికి ఒక పూటయినా ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టమని విద్యాశాఖకు నా మనవి. మొదటి పాఠానికి హక్కు, అమానత్ చాలు. కవి కావాలంటే తెలుగులో పద్యాలు, నాటకాలు రాసిన పిఠాపురం ఉమర్ ఆలీషా ఉన్నారు. వచ్చే రంజాన్ వ్యాసం ఇచ్చేలోగా ఈ పని జరగాలి.

ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
కర్నూలు