గట్టు మీది పాత కడీలు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం వికారాబాద్ వైపు చేల గట్ల మీద పాత కంచెల ఫొటోలు తీద్దాం. ఎండకు పగిలి, వానకు నెరిసిన తుమ్మ గుంజలు, రాతి కడీలు మనకు కావాలి. వాటి మీద బూడిదరంగు, పసుపు మచ్చలు కనిపిస్తే మరకలనుకుని వదిలేయకండి. అవి లైకెన్లు, శిలీంధ్రమూ నాచూ కలిసి బతికే జీవాలు. మనం మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

పాలపిట్ట గుంజ మీద కదలకుండా కూర్చుని నేల మీది మిడతల కోసం చూస్తుంటుంది. కిందికి వాలి పట్టుకుని, చాలాసార్లు మళ్లీ అదే గుంజ మీదికి వస్తుంది. అందుకే వెంటపడకుండా ఫోకస్ అక్కడే ఉంచి ఓపిగ్గా ఆగండి. రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూడాలి అసలు! తొండ దొరికితే కన్ను మీద ఫోకస్ పెట్టండి. జత కట్టే కాలంలో మగదాని గొంతు ఎర్రగా మారుతుంది.

పొద్దున ఏటవాలు వెలుగులోనే చెక్క గీతలు బాగా తేలతాయి, కాబట్టి 6 గంటలకే బయల్దేరదాం. రైతును అడిగాకే గట్టెక్కాలి. కొన్ని కంచెలకు కరెంటు ఉంటుంది, ఏ తీగా ముట్టుకోవద్దు. తొర్రలో గూడు కనిపిస్తే దూరంగా ఉండండి, లొకేషన్ ఎక్కడా పెట్టొద్దు. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా చెప్పండి.