వార్డుల పటంలో ఎన్ని సంగతులు ఇముడుతాయి?

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలపు ఏర్పాట్ల గురించి ఈమధ్య మా పేటలో జరిగిన సభలో చెన్నై వార్డుల పటం ఒకటి తెరమీద చూపించారు. నీరు నిలిచే లోతుకు నీలి ఛాయలు, జనసాంద్రతకు అడ్డగీతలు, ట్యాంకర్ల సంఖ్యకు వలయాలు, కాలువల స్థితికి ఆ వలయాలలోనే ముక్కలు, మోటారు పంపులకు త్రికోణాలు. వేలచ్చేరిలో పాతికేళ్లుగా కాపురముంటున్న మావంటి తెలుగు కుటుంబాల వారికి కూడా అందులో తమ వార్డును పోల్చుకోవడానికే పది నిమిషాలు పట్టింది.

అంశాలను కలిపి చూపడమే తప్పని నేననడం లేదు. 2015 డిసెంబరులో అడయారు పొంగి మునిగిన నగరమే 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటి ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. ముంపునూ నీటి ఎద్దడినీ వేరువేరు పటాల్లో చూపితే, రెండు బాధలూ పడే వార్డులేవో తేలదు. ఒక్కో అంశానికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మెట్లు పెట్టి రెండు రంగులను కలిపితే 9 ఛాయలు వస్తాయి. సూచిక చూసుకుంటూ వాటిని గుర్తుపట్టవచ్చు. మూడో అంశాన్నీ రంగులోకే దించితే అవి 27 అవుతాయి. అన్ని ఛాయల తేడా చెప్పగలవారు టి.నగర్ పట్టుచీరల దుకాణాల్లో తప్ప ఉండరు.

నెపోలియన్ 1812 నాటి రష్యా దండయాత్రపై ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్ 1869లో గీసిన పటాన్ని, ఒకే పటంలో ఎన్నో అంశాలు ఇమిడ్చే విద్యకు మేలుబంతిగా చెబుతారు. పదివేల మంది సైనికులకు ఒక మిల్లీమీటరు చొప్పున మందమున్న పట్టీ 4,22,000 మందితో మొదలై, తిరిగివచ్చేసరికి 10,000కు సన్నబడుతుంది; వెళ్లిన దారికి లేత రంగు, తిరుగుదారికి నలుపు. అన్ని సంగతులు ఇమిడ్చిన ఆయన కూడా చలి తీవ్రతను ఆ పట్టీమీద రుద్దలేదు. దాన్ని కింద వేరే గీతగా గీసి, తిరుగుదారిలోని చోట్లకు సన్నని నిలువు గీతలతో కలిపాడు. మన పటంలో లోపించినది ఆ నిగ్రహమే.

ట్యాంకర్ల మొత్తాన్ని వలయాలతో చూపడం సబబే. రంగుతో చూపే లెక్క మాత్రం వెయ్యిమందికి ఇంత, చదరపు కిలోమీటరుకు ఇంత అన్నట్టు ఉండాలి, లేదా లోతువంటి కొలతై ఉండాలి. మొత్తాలకు రంగు వేస్తే పెద్ద వార్డు పెద్దదైనందుకే ముదురుగా కనబడుతుంది.

కనుక 200 వార్డుల ఈ పటంలో మునిగే లోతునూ వేసవిలో భూగర్భజలం దిగే లోతునూ రంగులతో, ట్యాంకర్లను వలయాలతో చూపి, మిగిలినవాటిని ఒకే కొలత గల చిన్న పటాలుగా పక్కనే అచ్చువేయాలని అధికారులను కోరుతున్నాను. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే, ఆ ముసాయిదాను వార్డులవారి చేతికిచ్చి తమ వీధి ఏ రంగులో ఉందో చెప్పమని అడిగితే లోపాలు అక్కడే బయటపడతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేలచ్చేరి, చెన్నై